మొక్క పచ్చగా ఉంది సరే, ఆకులో కాడ్మియం ఎంత?

కాడ్మియం లాంటి విషపు భార లోహాలు చేరిన పొలంలో బ్యాక్టీరియా కల్చర్, అంటే బతికున్న బ్యాక్టీరియా ఉన్న జీవన ఎరువు, ఏం చేయగలదో ఏం చేయలేదో చూద్దాం. ముందు ఒక చిన్న లెక్క. ఎకరం పొలంలో పైన 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. అందులో కిలోకి 1 మిల్లీగ్రాము కాడ్మియం ఉందనుకుంటే ఎకరం మొత్తానికి 900 గ్రాములు. ఇక మనం వేసే కల్చర్ సంగతి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం పొడి రూపంలో అమ్మే జీవన ఎరువులో గ్రాముకి కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. ఎకరాకి 2 కిలోలు చల్లితే 10 వేల కోట్ల కణాలు. వినడానికి పెద్ద అంకే. కానీ ఒక్కో కణం బరువు గ్రాములో లక్ష కోట్ల వంతు. అన్నిటినీ కలిపి తూచినా 0.1 గ్రాము దాటదు. మట్టిలో కలిసిపోతే గ్రాముకి దాదాపు 110 కణాలు. అదే గ్రాము మట్టిలో అప్పటికే కోట్ల కొద్దీ స్థానిక బ్యాక్టీరియా కాపురం చేస్తోంది.

కాబట్టి ప్యాకెట్ మీద ‘భార లోహాలను తినేసే బ్యాక్టీరియా’ అని కనిపిస్తే ఆ మాట అక్కడే వదిలేయండి. కాడ్మియం, సీసం, నికెల్, ఆర్సెనిక్ మూలకాలు. పురుగుమందు అణువులా విరిగిపోయేవి కావు. బ్యాక్టీరియా వాటి రూపం మార్చగలదు, ఎక్కడో ఒకచోట పట్టి ఉంచగలదు, లేదా లోహం వల్ల మొక్కకు కలిగే బాధను తగ్గించగలదు. ఈ మూడూ వేర్వేరు పనులు. మూడోది జరిగితే మొదటి రెండూ జరిగినట్టే అనుకోవడం వల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతున్నాయి. మూసీ దిగువన మురుగు నీటితో పండే పాలకూర మడి కావచ్చు, పటాన్‌చెరు దగ్గర నక్కవాగు పక్క వరి పొలం కావచ్చు, అక్కడ అడగాల్సిన ప్రశ్న మొక్క ఎంత ఏపుగా ఉందని కాదు. తినే భాగంలో లోహం ఎంత ఉందని.

ఇథిలిన్ సంగతి

లోహం వేరుకు తగిలినప్పుడు మొక్క ఇథిలిన్ వాయువు తయారు చేసుకుంటుంది. మొదట కొద్దిగా పుట్టే ఇథిలిన్ రక్షణ ప్రక్రియలను మేలుకొలుపుతుంది. ఆ తర్వాత వచ్చే పెద్ద అలతోనే చిక్కు: వేరు పొడవు ఆగిపోతుంది, ఆకు ముందే ముదిరి పసుపెక్కి రాలుతుంది. ఇథిలిన్‌కి ముడిసరుకు ఏసీసీ అనే చిన్న అణువు. ఇది వేరు నుంచి కొంత బయటికి కారుతుంది. ఏసీసీ డీఅమినేజ్ అనే ఎంజైము ఉన్న బ్యాక్టీరియా వేరుకి అంటుకుని ఆ ఏసీసీని అమ్మోనియాగా, ఆల్ఫా కీటోబ్యుటిరేట్‌గా విడగొట్టి నత్రజని ఆహారంగా వాడుకుంటుంది. బయట ఏసీసీ తగ్గేకొద్దీ లోపలిది ఇంకా బయటికి వస్తుంది. లోపల ఇథిలిన్ పడిపోతుంది, వేరు మళ్లీ సాగుతుంది.

దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ గ్లిక్ బృందం 1998లో ప్రచురించిన పని. ఒంటారియోలోని నికెల్ గనుల ఊరు సడ్‌బరీ దగ్గరి మట్టి నుంచి క్లూయ్‌వెరా ఆస్కార్బాటా అనే బ్యాక్టీరియాను తీశారు. కనోలా విత్తనాలకు పట్టిస్తే నికెల్ ఉన్నచోట కూడా మొలకలు బాగా పెరిగాయి. ఆ పనిని ఉదహరించేవాళ్లు చాలామంది దాటేసే వాక్యం ఒకటుంది: వేరులో గానీ కాండంలో గానీ, గ్రాము ఎండు బరువుకి ఉన్న నికెల్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మొక్క ఆరోగ్యంగా ఉంది, లోహం మాత్రం ఉన్నంతా ఉంది. నూనెగింజల మొలక విషయంలో ఇది మంచి వార్తే. ఇరవై అయిదు రోజులకు కోసి బజారుకు పంపే తోటకూర విషయంలో ఇది జాగ్రత్తపడాల్సిన వార్త. ఎందుకంటే వాడిపోయిన ఆకును కొనేవాళ్లు పక్కన పెడతారు, నిగనిగలాడే ఆకును బుట్టలో వేసుకుంటారు.

రెండో సాయం ఇనుముది. కాడ్మియం, నికెల్ ఎక్కువైన చోట మొక్కకి ఇనుము సరిగా అందదు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతుంది. సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా వదిలే సిడెరోఫోర్లు అనే అణువులు ఇనుమును పట్టుకొచ్చి వేరు దగ్గర పెడతాయి. కానీ సున్నం ఎక్కువున్న మన నేలల్లో ఏ లోహమూ లేకపోయినా ఇదే పాలిపోవడం కనిపిస్తుంది. ఆకు రంగు చూసి ‘లోహం దెబ్బ’ అని తేల్చకండి.

ఒకే బ్యాక్టీరియా, ఒకచోట మిత్రుడు, ఇంకోచోట శత్రువు

మామూలుగా దుకాణంలో దొరికే ఫాస్ఫేట్ కరిగించే బ్యాక్టీరియానే, అంటే పీఎస్‌బీనే తీసుకోండి. ఇది గ్లుకోనిక్ లాంటి సేంద్రియ ఆమ్లాలు వదిలి భాస్వరాన్ని కరిగిస్తుంది. మట్టిలో సీసం ఉంటే, కరిగిన ఫాస్ఫేట్ దానితో కలిసి దాదాపు కరగని పైరోమార్ఫైట్ అనే ఖనిజంగా మారుతుంది. సీసానికి ఇది మంచిదే. అదే ఆమ్లం వేరు చుట్టూ పీహెచ్ తగ్గించి, అప్పటిదాకా మట్టికి అంటుకుని ఉన్న కాడ్మియాన్ని, జింకును కూడా వదులు చేస్తుంది. జింకు కరిగించే బ్యాక్టీరియాతోనూ ఇదే పేచీ. కాడ్మియం ఉన్న నేలలో ఆకుకూరలు వేసేవాళ్లు ఈ రెండు కల్చర్లనూ పక్కన పెట్టడమే మేలు. సిడెరోఫోర్లు కూడా ఇనుముతోపాటు ఇతర లోహాలను కరిగించి వేరుకి అందించగలవు. నేల శుభ్రం చేయడానికి ఆవాలు వేసి, లోహాన్ని ఆకుల్లోకి లాగి, కోసి తీసేయాలనుకునేవాళ్లకి కావాల్సింది అదే. తినడానికి వేసేవాళ్లకి సరిగ్గా వద్దనుకునేదీ అదే.

ఆకుకూర మడిలో కావాల్సింది జిగురు ఎక్కువ వదిలే రకాలు. బాసిల్లస్, పేనిబాసిల్లస్ జాతుల్లో కొన్ని వేరు చుట్టూ పాలిశాకరైడ్ల జిగురు పొర కడతాయి. ఆ పొరలోని రుణావేశ గుంపులు కాడ్మియం అయాన్లను పట్టుకుంటాయి. మొదట వేసిన లెక్క ఇక్కడ మళ్లీ గుర్తుకు రావాలి: ఇది ఎకరం మట్టినంతా కట్టడి చేయదు. వేరును ఆనుకున్న ఒకటి రెండు మిల్లీమీటర్ల మట్టిలో మాత్రమే దాని ప్రతాపం. అందుకే కల్చర్‌ను పొలమంతా చల్లడం కన్నా విత్తనానికి పట్టించడం ఎన్నో రెట్లు నయం.

క్రోమియం దారి వేరు. తోళ్ల శుద్ధి, లోహపు పూత పనుల వ్యర్థాల్లోంచి వచ్చే హెక్సావేలెంట్ క్రోమియం నీటిలో తేలిగ్గా కరుగుతుంది, విషం ఎక్కువ. చాలా బ్యాక్టీరియా దాన్ని ట్రైవేలెంట్ రూపానికి మార్చగలదు. ఆ రూపం మామూలు పీహెచ్ దగ్గర అవక్షేపంగా దిగిపోతుంది. నిజంగా రూపం మారి ప్రమాదం తగ్గే కేసు ఇది. పని జరగాలంటే బ్యాక్టీరియాకి తిండి కావాలి: మాగిన పశువుల ఎరువు, మొలాసిస్ లాంటి కార్బన్, తేమ, గాలి కాస్త తక్కువగా ఉండటం. అయితే మాంగనీస్ ఆక్సైడ్లు ఉన్న నేల మళ్లీ ఎండి గాలి ఆడితే కొంత క్రోమియం వెనక్కి పాత రూపానికి పోగలదు. ఒక్కసారి పరీక్ష చేయించి ఊరుకోకుండా వేసవి దాటాక మళ్లీ చేయించాలి.

సీసం గురించి ఇంకో మాట. సీసం వేరులో దిగబడిపోతుంది, ఆకుదాకా చాలా తక్కువ వెళుతుంది. ఆకుకూరలో సీసం ఎక్కువ కనిపిస్తే దానిలో పెద్ద వాటా ఆకు మీద పడ్డ దుమ్ముది, వాన చినుకులకు ఎగిరి అంటిన మట్టిది కావచ్చు. దానికి ఏ కల్చరూ ఏమీ చేయలేదు. చాళ్ల మధ్య వరిగడ్డి పరచడం, కోశాక బాగా కడగడం, రోడ్డు పక్క మడులు వదిలేయడం, ఇవే పనిచేస్తాయి.

పరీక్షకు పంపేటప్పుడు

ఎకరంలో వంకరటింకరగా నడుస్తూ 8 నుంచి 10 చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంట తీసి, పక్క గోడ నుంచి అంగుళం మందాన మట్టి గీయండి. ప్లాస్టిక్ టబ్బులో కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి తీసేస్తూ అర కిలోకి తెండి. జింకు పూత బకెట్ వాడొద్దు. ఆ పూత నుంచి జింకు, దానితోపాటు కొంచెం కాడ్మియం కూడా నమూనాలోకి వస్తాయి. ల్యాబులో మొత్తం లోహం ఒకటే కాకుండా డీటీపీఏ ద్రావణంలోకి వచ్చే భాగం కూడా అడగండి. మొక్కకి అందగలిగేది ఎంతో అదే సుమారుగా చెబుతుంది. కల్చర్ వల్ల లాభమో నష్టమో మొదట కదిలేది కూడా ఆ అంకే. మొత్తం లోహం ఒక పంటకాలంలో కదలదు.

ఆకు రిపోర్టులో ఒక ఉచ్చు ఉంది. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) ప్రకారం ఆకుకూరల్లో కాడ్మియం గరిష్ఠ పరిమితి కిలోకి 0.2 మిల్లీగ్రాములు, సీసానికి 0.3. ఇవి పచ్చి ఆకు బరువు మీద లెక్క. ల్యాబులు సాధారణంగా ఇచ్చేది ఎండబెట్టిన ఆకు మీద. పాలకూరలో నూటికి 90 పాళ్లు నీళ్లే కాబట్టి ఎండు బరువులో 2 అని వస్తే పచ్చి ఆకులో 0.2. ఈ పదింతల తేడా తెలియక భయపడేవాళ్లూ ఉన్నారు, ధైర్యపడేవాళ్లూ ఉన్నారు. బియ్యానికి కాడ్మియం పరిమితి 0.4. అక్కడ నీటిపాలు తక్కువ కాబట్టి ఈ గొడవ అంతగా ఉండదు.

ఇంకో ఉచ్చు పెరుగుదల వల్ల వచ్చే పలచన. కల్చర్ వేయని మొక్క ఎండు బరువు 2 గ్రాములు, కిలోకి 10 మిల్లీగ్రాముల కాడ్మియం అనుకుందాం. మొక్క మొత్తంలో 20 మైక్రోగ్రాములు. కల్చర్ వేసిన మొక్క 4 గ్రాములు పెరిగి, కిలోకి 7 మిల్లీగ్రాములు చూపింది. గాఢత 30 శాతం తగ్గిందని ప్రకటించవచ్చు. కానీ మొక్కలోకి వచ్చింది 28 మైక్రోగ్రాములు, అంటే ఇంకా ఎక్కువే లాగింది. తినేవాడికి గాఢతే ముఖ్యం గనుక ఫలితం మంచిదే. కానీ ‘బ్యాక్టీరియా లోహాన్ని అడ్డుకుంది’ అనడం తప్పు. రిపోర్టులో రెండు అంకెలూ పక్కపక్కన లేకపోతే ఆ ప్రయోగాన్ని సగమే నమ్మండి.

వేసే పద్ధతి

వరికైతే 200 మిల్లీలీటర్ల నీటిలో 20 గ్రాముల బెల్లం వేసి పది నిమిషాలు మరగబెట్టి పూర్తిగా చల్లార్చండి. అందులో 200 గ్రాముల కల్చర్ కలిపి 10 కిలోల విత్తనానికి పట్టించి నీడలో అరగంట ఆరబెట్టండి. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగే రకమైతే 10 కిలోల్లో 5 లక్షల గింజలు, గింజకి దాదాపు 20 వేల కణాలు. చల్లితే గ్రాము మట్టికి 110 పడటానికీ దీనికీ తేడా చూడండి. పైగా ఇవి వేరు పుట్టే చోటే ఉంటాయి. పాకం వేడిగా ఉండగానే కల్చర్ పోస్తే ఉన్న కణాల్లో చాలా భాగం అక్కడే చస్తాయి. నాటేముందు నారు వేళ్లను లీటరుకి 10 గ్రాముల ద్రావణంలో 30 నిమిషాలు ముంచడం రెండో అవకాశం.

తోటకూర గింజ నూకలా చిన్నది. జిగురు ఎక్కువైతే ఉండ కడుతుంది. దానికి పొడి కల్చర్‌నే సన్నని ఇసుకతో, చెమ్మ మాత్రమే ఉన్న జల్లించిన ఎరువుతో కలిపి గింజతోపాటు చాళ్లలో పోయడం సులువు. ఎకరాకి 2 కిలోల కల్చర్‌ను 100 కిలోల మాగిన ఎరువులో కలిపి, గోనెపట్టా కప్పి, నీడలో వారం ఉంచి, మధ్యలో ఒకసారి తిరగేసి, సాయంత్రం పూట వేయండి. నగరపు చెత్త నుంచి చేసిన కంపోస్టు వాడుతుంటే దాని రిపోర్టు చూడకుండా వాడొద్దు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారమే అందులో కిలోకి కాడ్మియం 5, సీసం 100, నికెల్ 50 మిల్లీగ్రాముల వరకు ఉండొచ్చు. లోహం తగ్గించడానికి వేసే ఎరువుతోనే లోహం తెచ్చిపోసుకున్నట్టు అవుతుంది.

చెడగొట్టేవి ఏమిటంటే, క్లోరిన్ కలిపిన కుళాయి నీళ్లు (రాత్రంతా తొట్టిలో నిలవ ఉంచి వాడితే కొంత నయం), థైరం, కాప్టాన్ పట్టించిన విత్తనం, అదే వారంలో కాపర్ ఆక్సీక్లోరైడ్ లేదా స్ట్రెప్టోసైక్లిన్, డీఏపీ గుళికలతో నేరుగా కలపడం, ఎండలో కారు డిక్కీలో మధ్యాహ్నమంతా ఉన్న ప్యాకెట్. తయారీ తేదీ చూసి కొనడం కన్నా చవకైన జాగ్రత్త ఇంకొకటి లేదు. ట్రైకోడెర్మా కూడా ఇదే అల్మారాలో ఉంటుంది గానీ అది బూజు జాతి, బ్యాక్టీరియా కాదు. ఇక్కడ చెప్పిన లెక్కలు దానికి వర్తించవు.

సొంతంగా రకం వెతికేవాళ్లకి

వ్యవసాయ కళాశాలల్లో, చిన్న ల్యాబుల్లో ఈ పని చేస్తున్న పిల్లలు ఎక్కువగా పొరబడేది బ్యాక్టీరియాను పెంచే మాధ్యమం దగ్గర. న్యూట్రియెంట్ అగార్‌లో కాడ్మియం కలిపి ‘ఇంత గాఢతని తట్టుకుంది’ అని రాస్తారు. అందులోని పెప్టోన్లు లోహాన్ని పట్టేసుకుంటాయి. బ్యాక్టీరియాకి తగిలేది కలిపిన దానిలో కొంతే. ఫాస్ఫేట్ ఎక్కువున్న మాధ్యమంలో సీసం కలిపితే తెల్లగా అడుగున దిగిపోతుంది. ప్లేటు కాస్త మసకగా కనిపిస్తే కారణం అదే. ట్రిస్ బఫరు, తక్కువ ఫాస్ఫేట్ ఉన్న ఖనిజ మాధ్యమం వాడాలి. ఏసీసీ పరీక్షలో నత్రజనికి బదులు 3 మిల్లీమోలార్ ఏసీసీ ఇస్తారు. దాన్ని ఆటోక్లేవ్ చేస్తే, అంటే ఒత్తిడి ఆవిరిలో కాచితే పాడవుతుంది, ఫిల్టరుతో వడగట్టి చల్లారిన మాధ్యమంలో కలపాలి. పక్కనే నత్రజని ఏదీ లేని ప్లేటు పెట్టకపోతే గాలి నుంచి నత్రజని తీసుకునే రకాలు మోసం చేస్తాయి.

కుండీ ప్రయోగంలో కాడ్మియం క్లోరైడ్ పోసి మర్నాడే విత్తనం వేయడం ఇంకో పాత జబ్బు. కొత్తగా పోసిన లోహం పాత కాలుష్యం కన్నా తేలిగ్గా మొక్కకెక్కుతుంది, క్లోరైడు ఆ పనిని ఇంకా సులువు చేస్తుంది. కనీసం నాలుగైదు వారాలు తడుపుతూ ఆరబెడుతూ ఉంచాలి. ఆటోక్లేవ్ చేసి చంపిన కల్చర్ వేసిన కుండీలు కూడా ఉండాలి. లేకపోతే మేలు బ్యాక్టీరియాదో, దానితో పోసిన పోషక ద్రవానిదో తెలియదు. వేరును లోహాన్ని పట్టి లాగే ఈడీటీఏ ద్రావణంలో (20 మిల్లీమోలార్) పావుగంట కడగకపోతే పైన అంటుకున్నది లోపలిదిగా లెక్కకెక్కుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది భద్రత. లోహాన్ని బాగా తట్టుకునే రకాల కోసం వెతికితే తరచూ చేతికొచ్చేవి సూడోమోనాస్ ఎరుగినోసా, క్లెబ్సియెల్లా, ఎంటరోబాక్టర్, బర్ఖోల్డేరియా సెపాషియా. ప్లేటు మీద వీటి గుణాలు అద్భుతం. కానీ ఇవి బలహీనంగా ఉన్న మనుషులకు జబ్బు చేయగలవు. పైగా లోహాన్ని తట్టుకునే జన్యువులూ యాంటీబయాటిక్‌ను తట్టుకునేవీ ఒకే ప్లాస్మిడ్ (కణంలోని చిన్న డీఎన్‌ఏ వలయం) మీద ఉండటం మామూలే. పచ్చిగా తినే కొత్తిమీర మడిలో వీటిని వదలడం ఎవరికీ తగదు. బ్యాక్టీరియాను గుర్తించే 16ఎస్ జన్యువు ఒక్కటి చదివించి ‘బాసిల్లస్’ అనుకున్నదీ సరిపోదు, జబ్బు చేసేవి కూడా ఉన్న బాసిల్లస్ సెరియస్ గుంపులోని జాతులను అది సరిగా విడదీయలేదు.

వరి పొలంలో మాత్రం ప్యాకెట్ కొనకముందే చేయగలిగింది ఒకటుంది. నీళ్లు నిలిచిన బురదలో గాలి లేని చోట బతికే స్థానిక బ్యాక్టీరియా సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మారుస్తుంది, కాడ్మియం దానితో కలిసి కరగని కాడ్మియం సల్ఫైడ్ అవుతుంది. జపాన్‌లో, జింజు నది లోయలో కాడ్మియం వల్ల వచ్చిన ఇతాయ్ ఇతాయ్ జబ్బు చూసిన దేశంలో, ఈనికకు ముందు మూడు వారాలూ తర్వాత మూడు వారాలూ మడిలో నీళ్లు నిలవ ఉంచమని చెప్పేది దీని కోసమే. తడి-పొడి పద్ధతిలో, వెదజల్లిన ఆరుతడి వరిలో నీరు ఆదా అవుతుంది గానీ ఆ సల్ఫైడ్ మళ్లీ గాలికి కరిగి కాడ్మియం గింజకి ఎక్కుతుంది. ఆర్సెనిక్‌ది పూర్తిగా తిరగబడ్డ కథ: నీళ్లు నిలిస్తే అది వదులవుతుంది. కాబట్టి మడిలో నీళ్లు పెట్టాలో తీయాలో నిర్ణయించే ముందు నేలలో ఉన్నది కాడ్మియమో, ఆర్సెనిక్కో, రెండూనో తెలియాలి. రెండూ ఉన్న పొలంలో ఆహార పంట మానేసి బంతి, చామంతి వేయడం మేలైన దారి.